శ్రీకాకుళంలో వాజిమా గిన్నె, కాన్షిత్సు పళ్ళెం: వాడి చూశాక

జపాన్‌లోని ఇషికావా ప్రిఫెక్చర్ నుంచి తెప్పించుకున్న రెండు వస్తువుల గురించి ఈ సమీక్ష. ఒకటి వాజిమా పట్టణంలో తయారైన చారు గిన్నె. బయట నలుపు, లోపల ఎరుపు తప్ప దానిమీద ఏ అలంకరణా లేదు. రెండోది కనజావాలో ఒక గ్యాలరీ అమ్మిన పళ్ళెం, కర్ర లేకుండా గుడ్డ పొరలతో చేసే కాన్షిత్సు పద్ధతిది. దాన్ని చేసిన యువ కళాకారిణి పాత్రగా కాక శిల్పంగానే ప్రదర్శనకు పెట్టింది. రెండింటి మీదా ఉన్న పూత మాత్రం ఒక్కటే, ఉరుషి అనే చెట్టు సొన. కనజావాలో చదువుకుంటున్న మా మేనల్లుడు వాటిని కొని, సెలవులకు ఇంటికి వస్తూ చేతి సంచిలో పెట్టుకుని తెచ్చాడు. గిన్నెకు సుమారు 20,000 యెన్‌లు, పళ్ళేనికి అంతకు మూడింతలు అయింది. శ్రీకాకుళంలో ఒక మధ్యతరగతి ఇంటికి ఇవి చిన్న మొత్తాలు కావు కనుక, డబ్బుకు తగినవేనా అన్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. గిన్నె ముమ్మాటికీ తగినదే. పళ్ళెం మీద నాకు గౌరవం ఉంది, దానితో పాటు కొన్ని అభ్యంతరాలూ ఉన్నాయి.

మన వైపు లక్క పని అనగానే ఏటికొప్పాక బొమ్మలు గుర్తుకొస్తాయి. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊళ్ళో, లేతు మీద గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుగు తేలుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పని మన కళ్ళెదుటి గొప్ప విద్య. అయితే ఆ లక్క కొమ్మల మీద పురుగులు కట్టే జిగురు. అది వేడికి మెత్తబడుతుంది, ఆల్కహాల్‌లో కరుగుతుంది, అందుకే ఆ వస్తువుల్లో పొగలు కక్కే చారు పోయడానికి ఎవరూ సాహసించరు. ఉరుషి తీరు వేరు. ఒకసారి గట్టిపడ్డాక అది వేడి పులుసుకూ, చింతపండు పులుపుకూ, ఆల్కహాల్‌కూ కరగదు. జపాన్ వస్తువులను కూడా మనం లక్క పాత్రలనే అంటున్నాం కాబట్టి, చూడబోయేవారు ఈ తేడాను మొదట మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా తేలిగ్గా బోధపడుతుంది.

నిజానికి ఉరుషికి మన జిల్లాలో చుట్టాలున్నారు, కానీ వారు లక్క వైపు వారు కారు. ఉరుషి చెట్టు మామిడి, జీడిమామిడి, నల్లజీడి చెట్ల కుటుంబానికి చెందినది. మామిడికాయ తొడిమ తెంపగానే చిమ్మే సొన చెంపకు తగిలి పుండు పడటం మన పిల్లలందరికీ అనుభవమే. నల్లజీడి గింజల రసంతో రజకులు బట్టలకు పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు. పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవారి వేళ్ళు పిక్క నూనె తగిలి పొక్కి, నల్లబడి ఉంటాయి. ఈ మూడింటి వెనుకా ఉన్నవి ఒకే తరహా రసాయనాలు, వాటికి దగ్గరి జాతి పదార్థమే ఉరుషి సొనలో ఉండే ఉరుషియోల్. ఉరుషి పనిలో చేరిన కొత్తవారికి చేతులూ ముఖమూ దద్దుర్లతో వాచిపోతాయి. సొన గట్టిపడి పూతగా మారిన తర్వాత ఆ బాధ ఉండదు. పలాసలో చాలాకాలం పిక్కల పని చేసిన మా పెద్దమ్మకు గిన్నె చేతికిచ్చి ఇదంతా చెప్పినప్పుడు ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "అలాగైతే ఇది మన పిక్కల నూనికి అప్పో సెల్లో అవుద్ది కదేటి" అన్నారు. ఆ మాట శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఉరుషికి బదులుగా జీడిపిక్కల నూనెతోనే ఒక రంగు తయారు చేశారు. దాన్ని అక్కడ 'కాషూ' అంటారు, తక్కువ ధర పాత్రలకూ వస్తువులకూ నేటికీ వాడుతున్నారు.

ఉరుషిని ఎండలో పెడితే ఆరదు. సొనలో లాకేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది గాలిలోని ఆక్సిజన్‌ను అందుకుని ఉరుషియోల్ అణువులను ఒకదానికొకటి ముడివేస్తూ పోతుంది. ఆ పని సాగడానికి గాలిలో తేమ 70 నుంచి 85 శాతం దాకా, వేడి 20 నుంచి 30 డిగ్రీల దాకా ఉండాలి. అందుకే పనివారు పూత వేసిన వస్తువులను తడి చేసిన చెక్క బీరువాలో పెట్టి తలుపు వేస్తారు. జపాన్ రసాయన శాస్త్రవేత్త యోషిదా హికోరొకురొ ఈ ఎంజైమ్ ఉనికిని 1883లో గుర్తించాడు. పనివారికి మాత్రం దాని పేరు తెలియకుండానే దాని స్వభావం వేల ఏళ్ళుగా తెలుసు. హొక్కైడో దీవిలోని కకినోషిమా తవ్వకాల్లో బయటపడిన ఉరుషి వస్తువులు దాదాపు 9,000 ఏళ్ళ నాటివి. మన సముద్రతీరంలో ఉప్పు తడిసిపోయి, పాపడాలు మెత్తబడి, తలుపులు ఉబ్బిపోయే రోజులే ఉరుషికి హాయి అన్నమాట. ఇక్కడికి తెస్తే పాడవుతాయేమోనన్న భయం తేమ విషయంలో అక్కరలేదు. భయపడవలసింది ఎండకు, ఏసీ గది పొడి గాలికి.

సొన దొరికే తీరు తెలిస్తే ధర మీద ఫిర్యాదు సగం తగ్గుతుంది. చెట్టు నాటాక పది పదిహేనేళ్ళు ఆగాలి. ఒక వేసవి నుంచి శరదృతువు దాకా బెరడుకు విడతలు విడతలుగా గాట్లు పెట్టి, ఊరిన బొట్లను గరిటెతో గీకి తీస్తారు. అలా ఒక చెట్టు ఇచ్చేది దాదాపు 200 గ్రాములు. ఆపైన చెట్టును నరికివేస్తారు, మోడు నుంచి కొత్త చిగురు లేచి మళ్ళీ చెట్టవుతుంది. జపాన్ దేశీయ ఉరుషిలో అధిక భాగం ఇవాతె ప్రిఫెక్చర్‌లోని జోబోజి ప్రాంతం నుంచి వస్తుంది. అయినా ఆ దేశం వాడే సొనలో ఎక్కువ శాతం చైనా నుంచి దిగుమతి చేసుకున్నదే. జాతీయ సంపదగా ప్రకటించిన కట్టడాల మరమ్మతుకు దేశీయ ఉరుషినే వాడాలని అక్కడి సాంస్కృతిక శాఖ 2015లో నిర్ణయించింది. దానితో జోబోజి సొనకు గిరాకీ మరింత పెరిగింది.

ఇక గిన్నె. వాజిమా పట్టణం నోటో ద్వీపకల్పం కొసన, సముద్రానికి ఆనుకుని ఉంటుంది. అక్కడి పని పద్ధతిని జపాన్ ప్రభుత్వం 1977లో ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. కెయాకి అనే చెట్టు కర్రను లేతు మీద మందంగా చెక్కి, నెలల తరబడి ఆరనిచ్చి, మళ్ళీ పలుచగా చెక్కుతారు. అంచూ అడుగు వలయమూ పగిలే చోట్లు కనుక అక్కడ అన్నం గంజి కలిపిన ఉరుషితో జనపనార గుడ్డను అంటిస్తారు. దానిమీద జినోకో అనే మట్టి పొడిని, అంటే వాజిమాలోనే దొరికే డయాటమ్ మట్టిని (సూక్ష్మమైన నీటి నాచు అవశేషాలతో ఏర్పడిన మట్టిని) కాల్చి నూరిన పొడిని, ఉరుషిలోనూ గంజిలోనూ కలిపి మొదట ముతకగా, తర్వాత సన్నగా, ఆపైన మరింత సన్నగా పూస్తారు. ఒక్కొక్క పూత గట్టిపడ్డాక సానరాయితో నునుపు చేసి తర్వాతి పూతకు వెళతారు. మధ్య పూత, చివరి పూత వేరు. చివరి పూత వేసే గదిలోకి దుమ్ము రాకుండా తలుపులు మూసి పనిచేస్తారు, మనిషి వెంట్రుకలతో చేసిన కుంచె వాడతారు. పూత జారి ఒకవైపు పేరుకోకుండా గిన్నెలను బీరువాలో నెమ్మదిగా తిప్పుతూ ఉంచుతారు. మొత్తం మెట్లు వంద దాటుతాయి. వీటిలో ఎక్కువ భాగం పూర్తయిన గిన్నెలో కంటికి కనిపించవు. బయటికి కనిపించేది చివరి పూత ఒక్కటే.

ఆ కనిపించనిది చేతికి తెలుస్తుంది. గిన్నెను ఎత్తగానే మొదట కలిగే ఆశ్చర్యం దాని తేలిక. మన స్టీలు గిన్నెలో కాగిన చారు పోస్తే అంచు పట్టుకోలేక బట్టతో పట్టుకోవలసి వస్తుంది. ఇందులో అదే చారు పోసి రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే గోరువెచ్చదనమే తగులుతుంది, లోపలి చారు మాత్రం చాలాసేపు వేడిగా ఉంటుంది. పెదవికి తగిలే అంచు బాగా సన్నగా ఉంది, కానీ గుడ్డ కప్పిన చోటు కనుక బలంగానూ ఉంది. వేలితో అంచు చుట్టూ తడిమితే ఎక్కడా మిట్టపల్లాలు తగలవు. వెలుతురులో వాలుగా పట్టుకుని చూస్తే లోపలి ఎరుపు అడుగు దగ్గర ఒక్క పిసరు చిక్కగా, అంచు వైపు పలుచగా కనిపిస్తుంది. ఈ ఎరుపు ఇంగిలీకపు ఎరుపు కుటుంబానిది. కాలం గడిచే కొద్దీ ఉరుషి పారదర్శకం అవుతుంది కనుక లోపలి రంగు పైకి తేలుతుంది. కొన్ననాటి గోధుమ ఛాయ తగ్గి, మా గిన్నె ఇప్పటికే కొంచెం కాంతివంతమైంది.

మా ఇంట్లో ఇందులో పోయనిది లేదు. పెసరకట్టు, ధనియాల చారు, ఉదయం పూట మజ్జిగ కలిపిన చోడంబలి, ఎండాకాలంలో తరవాణి, అన్నీ పోశాం. పసుపు మరక పట్టలేదు, పులుపుకు పూత మందగించలేదు, ఇంగువ వాసన నిలవలేదు. జపాన్‌లో ఈ గిన్నెను చేత్తో ఎత్తి పెదవికి ఆనించుకుని తాగుతారు. చారు తాగే మన అలవాటుకు అది బాగా ఒదిగింది. స్టీలు చెంచా పెట్టి గీకితే గీతలు పడతాయి కనుక చెంచా వాడటం మానేశాం. చేత్తో తినే ఇంట్లో అది కష్టమేమీ కాదు. కడగడానికి మెత్తని గుడ్డ, కాస్త గిన్నెల సబ్బు నీళ్ళు చాలు. కొబ్బరి పీచు, ఇసుక, స్టీలు పీచు దగ్గరికి రానివ్వకూడదు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టకూడదు, కడిగిన వెంటనే తుడవాలి. కడిగిన గిన్నెలను పెరట్లో ఎండకు బోర్లించడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. ఈ గిన్నెకు మాత్రం అదే పెద్ద శత్రువు, ఎందుకంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఉరుషి పూతను మెల్లగా తినేస్తాయి. మైక్రోవేవ్ సంగతి చెప్పనక్కరలేదు. ఇంటి పనికి సాయం చేసే ఆవిడకు ఇదంతా ఒకసారి చూపించి చెబితే, ఇప్పుడు మాకంటే ఆవిడే ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

గిన్నెలో లోపం పరిమాణమే. అడ్డంగా పన్నెండు సెంటీమీటర్లు ఉన్న ఈ గిన్నె చారుకూ అంబలికీ సరిపోతుంది, అన్నం కలుపుకోవడానికి పనికిరాదు. పప్పన్నం కలిపే వెడల్పు కావాలనుకునేవారు పెద్ద పరిమాణం చూసుకోవాలి, దాని ధర చాలా పెరుగుతుంది.

పళ్ళేనిది మరో ప్రపంచం. ఇందులో కర్ర అసలు లేదు. కాన్షిత్సు అనే ఈ పద్ధతిలో ముందు మట్టితోనో, ప్లాస్టర్‌తోనో, నురుగు దిమ్మతోనో ఆకారం చేసుకుంటారు. దాని మీద ఉరుషిలో తడిపిన నార గుడ్డను పొర మీద పొర అతికిస్తారు. గట్టిపడ్డాక లోపలి ఆకారాన్ని తీసేయవచ్చు. మిగిలేది గుడ్డా ఉరుషీ కలిసి గట్టిపడిన డొల్ల. ఈ విద్య కొత్తది కాదు. నారా నగరంలోని కోఫుకుజి ఆలయంలో మూడు ముఖాలు, ఆరు చేతులతో నిలబడి ఉన్న అశుర విగ్రహాన్ని 734లో ఇలాగే చేశారు. ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న ఆ విగ్రహం బరువు సుమారు 15 కిలోలే. శతాబ్దాలలో ఆలయం ఎన్నిసార్లు తగలబడినా ఆ విగ్రహం మిగిలింది. బరువు తక్కువ కావడం వల్ల చేతులతో ఎత్తుకుని బయటికి తీసుకురావడం వీలయ్యేది.

నేటి జపాన్ ఉరుషి కళాకారులకు కాన్షిత్సు ఇంత ప్రీతి కావడానికి కారణం నాకు పళ్ళెం చేతికొచ్చాకే పూర్తిగా అర్థమైంది. కర్రకు లేతు కావాలి, లేతుకు గుండ్రదనం కావాలి. గుడ్డకు ఏ నియమమూ లేదు, ఎటు వంచితే అటు వంగుతుంది. ఆ స్వేచ్ఛతో తనకా నొబుయుకి మనిషి ఎత్తును మించిన, అలల్లా ఒంగిన నల్లని ఆకారాలు నిలబెడుతున్నారు. వాటి ముందు నిలబడినవారికి ఆ నలుపులో తమ నీడే సాగి కనిపిస్తుంది. అఓకి చియె చేసిన బొమ్మల్లో మనిషి కాళ్ళు నడుము దాకా స్పష్టంగా ఉండి, ఆ పైభాగం నిగనిగలాడే ముద్దగా మారిపోతుంది. ఇషిజుకా గెంటా అనే క్యోటో కళాకారుడు నురుగు బంతులను సాగే గుడ్డలో బిగించి, దానిపై ఉరుషి పొరలు వేసి, మెరుగు పెట్టిన శిల్పానికి 2019లో లోయెవె క్రాఫ్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ హస్తకళా బహుమతి అందుకున్నారు. సూపర్ మార్కెట్‌లో వలసంచిలో కట్టి అమ్మే నారింజ పళ్ళు ఆ రూపానికి ప్రేరణ. వారెవరూ పాత్రలు చేయడం లేదు. పాత్ర పోయాక మిగిలే ఆ పూతనే, దాని లోతునూ మెరుపునూ స్పర్శనూ, కళకు విషయంగా తీసుకున్నారు.

అలంకరణ దారి కూడా ఆగిపోలేదు. తడి ఉరుషి మీద బంగారు పొడి చల్లి బొమ్మ తేల్చే మాకియె పనిలో మత్సుదా గొన్రొకు 1955లోనే 'సజీవ జాతీయ సంపద'గా, అంటే జపాన్ ప్రభుత్వం గొప్ప పనితనం ఉన్నవారికి ఇచ్చే గౌరవం పొందారు, మురోసె కజుమి 2008లో పొందారు. పూతను ఉలితో గీసి ఆ గీతల్లో బంగారం నింపే చిన్‌కిన్ పని వాజిమా సొత్తు. ముత్యపు చిప్ప తునకలు పొదిగే రాడెన్ మరొకటి. ఈ పనులన్నీ ఒకచోట కలిసిన వస్తువు ఒకటుంది. వాజిమాకు చెందిన 37 మంది పనివారు ఐదేళ్ళు శ్రమించి, 2022లో పూర్తి చేసిన ఒక మీటరు వ్యాసపు భూగోళం అది. రాత్రివేళ అంతరిక్షం నుంచి చూస్తే భూమి మీద నగరాల దీపాలు ఎలా కనిపిస్తాయో, నల్లని ఉరుషి మీద బంగారంతో అలా చూపించారు. 2024లో వాజిమాను కుదిపేసిన భూకంపాన్ని తట్టుకుని నిలిచిన ఆ గోళాన్ని 2025లో ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో ఉంచారు. పాత పనితనంతో ఈ కాలపు చూపును ఇంత సూటిగా చెప్పవచ్చని చూపించినందుకు, నాకు అది మహా గొప్ప శిల్పాల సరసన నిలవదగినదిగా అనిపిస్తుంది.

ఈ నేపథ్యంలో మా పళ్ళేన్ని తూచాలి. నీళ్ళలో రాయి పడ్డాక లేచిన అల అంచు దాకా వచ్చి ఆగిపోయినట్టు దాని అంచు ఒకవైపు పైకి లేచి, మరోవైపు బల్లను తాకేంత కిందికి దిగుతుంది. మొత్తం నలుపే. దానికి రోయిరో మెరుగు పెట్టారు. అంటే చివరి పూత గట్టిపడ్డాక నీళ్ళతో తడుపుతూ మెత్తని బొగ్గుతో అరగదీసి, ఉరుషి పలుచగా పట్టించి తుడిచి, నూనె కలిపిన సన్నని పొడితో అరచేతితోనూ వేళ్ళతోనూ రుద్ది రుద్ది తేల్చిన మెరుగు. కుంచె పూత మెరుపుకూ దీనికీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. గిన్నె బయటి నలుపులో మెరుపు పైపైన మెత్తగా తేలుతుంది. పళ్ళెం నలుపులోకి చూస్తే ట్యూబ్‌లైట్ ఒక సన్నని తెల్లని గీతగా లోతుకు దిగి, అంచు వంపు దగ్గర విల్లులా వంగి, ఇంకొంచెం కదిపితే రెండుగా చీలుతుంది. కిటికీ ఊచలు, బయటి కొబ్బరి మట్ట, చూస్తున్న మనిషి ముఖం, అన్నీ అందులో సాగి మళ్ళీ దగ్గరవుతాయి. సాయంత్రం దీపం పెట్టాక వసారాలో దాని ముందు కూర్చోవడం మా ఇంట్లో ఒక అలవాటుగా మారింది. వచ్చిన చుట్టాలు కూడా టీవీ వైపు కాక దాని వైపే చూస్తున్నారు.

అభ్యంతరాలు కూడా చెప్పాలి. మొదటిది, పైభాగంలో ఉన్న నిష్ఠ అడుగు భాగంలో లేదు. తిరగేసి చూస్తే గుడ్డ అంచులు కలిసిన చోట సన్నని గట్టు వేలికి తగులుతుంది, ఒకచోట దుమ్ము కణం పూతలో చిక్కుకుని చిన్న మొటిమలా నిలిచింది. వాజిమా గిన్నె అడుగు వలయం లోపలి భాగాన్ని కూడా పై భాగమంత శ్రద్ధగా పూశారు, పళ్ళేనికి మాత్రం కనిపించని చోటు తక్కువయింది. శిల్పమన్నప్పుడు అడుగు ఎవరు చూస్తారన్న వాదన నాకు సమ్మతం కాదు. చేత్తో ఎత్తి తిప్పి చూడగలిగిన వస్తువుకు ప్రతి వైపూ ముఖమే. రెండోది, ఆ రూపం. మెరుపు ఎంత గొప్పదైనా, ఒంగిన నల్లని ఆకారాలు ఈ తరం ఉరుషి కళలో చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. ఈ పళ్ళేన్ని చూడగానే దాని కర్త ఎవరో పోల్చుకోగల గుర్తు నాకు దొరకలేదు. ఆమె చేతి పని అద్భుతం. చూపు ఇంకా తనదైన దారిని వెతుక్కుంటోందని నా అభిప్రాయం. మూడోది, వేలిముద్రలు. రోయిరో మెరుగు మీద ప్రతి స్పర్శా మచ్చగా నిలుస్తుంది. మెత్తని నూలు గుడ్డతో ఊపిరి ఊది తుడిస్తే పోతుంది, కానీ ఉప్పగాలీ చెమటా ఉండే మన ఊళ్ళో అది తరచూ చేయవలసిన పని.

అమ్మినవారి మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. గ్యాలరీ పళ్ళేన్ని కళాకారిణి సంతకం ఉన్న చక్కని కిరి అనే చెట్టు చెక్క పెట్టెలో పెట్టి ఇచ్చింది, కానీ జాగ్రత్తల కాగితం జపనీస్‌లో తప్ప మరే భాషలోనూ లేదు. అందులో తినే పదార్థం పెట్టవచ్చా, లేదా అన్నది మేనల్లుడు మళ్ళీ ఉత్తరం రాసి అడిగితే గాని చెప్పలేదు. పెట్టవచ్చట. పండగ పూట దానిలో అరిసెలు పెట్టి చూశాం, నల్లని అద్దం మీద వాటి బంగారు రంగు అందంగా కనిపించింది, కానీ నూనె జిడ్డు తుడవడం కష్టమైంది. ఇప్పుడు దానిలో ఏమీ పెట్టడం లేదు. పెట్టె సంగతి కూడా చెప్పాలి. వర్షాకాలంలో పళ్ళేనికి ఏమీ కాలేదు గాని, లోపలి కాగితానికీ సంచి గుడ్డకూ బూజు పట్టింది. మన తీరంలో ఉండేవారు కాగితాన్ని తీసేసి ఉతికిన పాత నూలు చీర ముక్క చుట్టి పెట్టుకోవడం మేలు. మా ఇంట్లో పొందూరు ఖద్దరు ముక్క చుట్టాం, దాని మెత్తదనం పూతకు హాని చేయలేదు.

కొనదలచినవారు మోసపోకుండా చూసుకోవలసిన విషయం ఒకటుంది. మా బంధువులకు ఒక ఆన్‌లైన్ దుకాణం 'జపాన్ లక్క గిన్నెలు' అన్న పేరుతో ఆరు గిన్నెల సెట్టు అమ్మింది. వేడి చారు పోయగానే ప్లాస్టిక్ వాసన వచ్చింది. తిరగేసి చూస్తే ఏబీఎస్ రెసిన్ అనే ప్లాస్టిక్ మీద యురెథేన్ అనే కృత్రిమ పూత. జపాన్‌లో గృహోపకరణాల నాణ్యతా లేబుల్ చట్టం ప్రకారం పూత ఏదో, లోపలి పదార్థం ఏదో రాయాలి. పూత ఉరుషి అయితే అలాగని, యురెథేన్ అయితే అలాగని, జీడి నూనె రంగు అయితే కాషూ అని ఉంటుంది. లోపల సహజ కర్రా, కర్రపొట్టు కలిపిన ప్లాస్టిక్కా అన్నది కూడా ఉంటుంది. లేబుల్ ఫొటో చూపించమని అడగాలి, పూతా లోపలి పదార్థమూ రెండూ విడివిడిగా రాసి ఇమ్మని అడగాలి. చూపించనివారి దగ్గర కొనకూడదు. యురెథేన్ గిన్నె తప్పేమీ కాదు, ఆ ధరకు ఆ పేరుతో అమ్మితే అభ్యంతరం ఉండదు. ఉరుషి పేరుతో, ఉరుషి ధరకు అమ్మడమే అన్యాయం.

మరమ్మతు విషయంలో మాత్రం మనకు దూరభారం తప్పదు. వాజిమా గిన్నెకు అంచు దెబ్బ తిన్నా, ఏళ్ళ తర్వాత పూత అరిగిపోయినా, చేసిన ఊరికి పంపితే పాత పూతను అరగదీసి కొత్త పూత వేసి ఇస్తారు. అక్కడివారికి అది మామూలు సేవ. శ్రీకాకుళం నుంచి పంపి తెప్పించుకోవాలంటే తపాలా ఖర్చే గిన్నె ధరలో పెద్ద భాగమవుతుంది, ఈ పని తెలిసినవారు మన దగ్గర నాకు ఎవరూ కనిపించలేదు. కాబట్టి కొనేటప్పుడే వాడకాన్ని ఊహించుకుని కొనాలి. పిల్లలు గిన్నెలను నేలమీద దొర్లించే ఇంటికి ఇది ఇప్పుడే వద్దు.

ఇంకో విషయం కూడా ధరతో ముడిపడి ఉంది. 2024 జనవరి 1న 7.6 తీవ్రతతో వచ్చిన నోటో భూకంపంలో వాజిమా చాలా నష్టపోయింది. ఉదయపు సంత జరిగే వీధుల చుట్టూ పెద్ద అగ్నిప్రమాదం జరిగి దుకాణాలూ పనిగదులూ కాలిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో భారీ వర్షాలకు వరద ముంచెత్తింది. చాలామంది పనివారు తాత్కాలిక షెడ్లలో పని తిరిగి మొదలుపెట్టారు. లేతు పనివారు, గుడ్డ అంటించేవారు, మట్టి పూత వేసేవారు, చివరి పూత వేసేవారు, బంగారు పనివారు, ఇలా వంద మెట్లూ వేర్వేరు ఇళ్ళలో పంచుకుని సాగే పని కనుక, ఒక్క చోట ఆగినా గొలుసంతా ఆగుతుంది. తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు మళ్ళీ కాపుకు రావడానికి ఎంత కాలం పట్టిందో చూసిన మనకు ఆ కష్టం కొత్త కాదు. ఆర్డరు ఇస్తే చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. తొందర పెట్టకుండా ఆగగలిగినవారే ఆర్డరు ఇవ్వాలి.

రెండింటిలో ఒక్కటే కొనగలిగితే గిన్నె కొనమంటాను, అదీ అలంకరణ లేనిదే, లోపల ఎరుపున్నదే. పళ్ళెం లాంటి కళాఖండాన్ని ఫొటో చూసి కొనకూడదు. విశాఖ నుంచో, హైదరాబాదు నుంచో జపాన్ వెళ్ళే బంధువులుంటే కనజావాకో, ఏదైనా ఉరుషి ప్రదర్శనకో వెళ్ళి, అడుగు భాగం చూసి, చేత్తో ఎత్తి, వీలైతే వెలుతురు కింద తిప్పి చూసి తెమ్మనాలి. తెచ్చేటప్పుడు దాన్ని లగేజీలో వేయకుండా తమతోనే ఉంచుకోవాలి.